ఉప్పు మంచు

నా పని చిన్నది.
చొక్కా రెండో గుండీ దగ్గర
గోరంత మైకు తగిలించడం,
తీగను లోపల్నించి నడుముదాకా దింపడం.
ఎనభై దాటిన గుండెల మీద
నా చల్లటి వేళ్లు.
క్షమించండి అంటే ఓయివా నవ్వాడు:
"జూన్ నెలలో వణికిన వాళ్లం తల్లీ,
ఇదెంత!"

ఆ సినిమాలో చలికాలమంతా
ఒక్క వేసవిలో తీశారట.
కైనూ అడవుల్లో పొద్దు కుంకని రోజుల్లో
లారీలకొద్దీ ఉప్పు, సున్నం, కోడి ఈకలు.
ఉన్నికోట్ల కింద చెమటలు కారుతుంటే
పళ్లు టకటకలాడించడం
చప్పట్లు కొట్టి నేర్పేవాడట దర్శకుడు.
రాత్రి (దాన్ని రాత్రి అనగలిగితే)
యుద్ధభూమి మీదికి రెయిన్‌డీర్లు దిగేవి.
తెల్లారి లేచి చూస్తే
సరిహద్దు సగం నాకేసి ఉండేది.

ఇల్మోది శత్రువు వేషం.
ఒకే కోటు, పదకొండు చావులు,
చావుకో గడ్డం.
"కరేలియాలో ఇల్లూ వాకిలీ వదిలొచ్చింది మా అమ్మ.
తెర మీద నన్ను ఆ టోపీలో చూసి
వారం రోజులు
అన్నీ వడ్డించింది,
మాటొక్కటే వడ్డించలేదు."

ఏటా చలికాలం టీవీలో ఆ సినిమా వేసేవాళ్లు.
అసలు యుద్ధానికి వెళ్లొచ్చిన మా తాత
అది అయిపోయేదాకా
పెరట్లో కట్టెలు కొట్టేవాడు.
ఫిరంగుల మధ్య గొడ్డలి దెబ్బ,
నాకు ఆ సినిమా అంటే అదే.

ఇప్పుడు హెడ్‌ఫోన్లలో
కెమెరాకి అందనిదేదో వింటున్నాను.
ఆర్మాస్ ఛాతీలో పిల్లికూతలు.
ఇల్మో వేలు కుర్చీ చేతిని గీకుతోంది.
సారా అడిగింది,
అందరూ అడిగేదే:
గడ్డకట్టిన సరస్సు మీద
గాయపడ్డ ఆర్మాస్‌ని భుజాన వేసుకుని
వెనక్కి తిరక్కుండా మీరు నడిచిన నాలుగు నిమిషాలు,
ఎంత బరువున్నాడు?

ఆ ఒక్క దృశ్యానికి ఉప్పు సరిపోలేదు.
మార్చిలో మళ్లీ వెళ్లారు, నిజం మంచుకి.

ఓయివా గుండె ముందు వినిపించింది,
గొంతు తర్వాత.
"మోసింది నేను కాదు.
ముందురోజే నడుం పట్టేసింది.
దుంగలు లాగేవాణ్ణెవర్నో పిలుచుకొచ్చారు.
నా కోటు ఇచ్చాను, టోపీ ఇచ్చాను,
నా నడక నేర్పబోయాను.
వాడికి రాలేదు.
తన నడకే నడిచి వెళ్లిపోయాడు.
ఆ నడకకే
నాకు బహుమతి ఇచ్చారు."

ఎవరూ కదల్లేదు.
కదిలితే నాకు వినపడేది.

"నాకు తెలుసు," అన్నాడు ఆర్మాస్.
"వాడి భుజం మీద ఉన్నది నేనేగా.
మెడ తారు వాసన వేసేది.
రెండుసార్లు జారి
రెండుసార్లూ తనే కిందపడ్డాడు, నన్ను పడనివ్వలేదు."

పేరు?
ముగ్గురూ వెతికారు.
వంటమనిషి పేరు దొరికింది,
ఫిరంగి లాగిన గుర్రం పేరు కూడా దొరికింది.

దీపాలు ఆర్పేశారు. కాఫీ పెట్టారు.
ఓయివా మైకు తీయడం మర్చిపోయి
బయటికి వెళ్లాడు.
తలుపు. గాలి. అగ్గిపుల్ల రెండుసార్లు.
తర్వాత నెమ్మదిగా, ఎవర్నో పిలుస్తున్నట్టు,
"యల్మారి?"
ఆగాడు.
"తహ్వో?"
ఆగాడు.
"ఒస్సియన్?"
ఎవరూ పలకలేదు.

అప్పుడు మంచు మీద అడుగులు మొదలయ్యాయి.
ఓయివావి కావు.
బరువుగా, ఎడమకాలు ఒక్క క్షణం ఆలస్యంగా,
భుజాన మనిషి ఉన్నట్టు.
యాభై రెండేళ్ల తర్వాత
ఆ నడక అతనికి వచ్చింది.

నేను ఆపు మీట నొక్కలేదు.
అడుగులు చెట్లదాకా వెళ్లి
సన్నబడి
గరగరలో కలిసిపోయేదాకా కూర్చున్నాను.

లాగ్ షీటులో సమయం రాశాను, చోటు రాశాను.
ఎవరి శబ్దం అన్న గడి దగ్గర
పెన్ను ఇంకా అలాగే ఉంది.